డియెగో ఫోర్లాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ మాట ఎత్తితే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది చెవులు చిల్లులు పడేలా మోగిన వువుజెలా బూరలు. తర్వాత జోస్యం చెప్పిన ఆక్టోపస్. మూడోది మాత్రం ఎప్పుడూ ప్రశ్నగానే వస్తుంది: "దూరం నుంచి గోల్స్ కొట్టాడే, భుజాల దాకా బంగారు రంగు జుట్టు, ఆ ఉరుగ్వే అతని పేరేంటి?" ఆ పేరు డియెగో ఫోర్లాన్. అతని గురించి నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఒక్కచోట పెడుతున్నాను.

ఎవరీ ఫోర్లాన్? రెండు ముక్కల్లో చెప్పండి.

ఉరుగ్వే స్ట్రైకర్. 1979 మే 19న రాజధాని మాంటెవీడియోలో పుట్టాడు. దేశం తరఫున 112 మ్యాచ్‌లు ఆడి 36 గోల్స్ కొట్టాడు. 2010 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ అందుకున్నాడు. యూరప్ లీగుల్లో ఒక సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే గోల్డెన్ షూ రెండుసార్లు గెలిచాడు. 2019 ఆగస్టులో, నలభై నిండాక ఆట మానేశానని ప్రకటించాడు.

ఇన్ని ఉన్నా అతని పేరు చెప్పగానే చాలామంది ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అభిమానులు నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో, ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో కింద చూద్దాం. నా పేచీ అంతా అక్కడే.

ఉరుగ్వే అంటే ఎక్కడ? అంత పెద్ద జట్టా?

బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య ఇరుక్కున్న చిన్న దేశం. జనాభా సుమారు 35 లక్షలు, అంటే మన ఒక పెద్ద జిల్లాకి సరిపోయేంత. కానీ 1930లో జరిగిన మొట్టమొదటి ప్రపంచకప్ గెలిచింది వాళ్లే. 1950లో బ్రెజిల్‌ను బ్రెజిల్ గడ్డ మీదే ఓడించి రెండోది పట్టుకుపోయింది కూడా వాళ్లే. ఆ తర్వాత 1970లో సెమీఫైనల్ దాకా వెళ్లారు. అక్కడి నుంచి 40 ఏళ్లు తాతల కబుర్లు చెప్పుకుంటూ గడిపారు. ఫోర్లాన్ కథ ఆ 40 ఏళ్ల చివర్లో వస్తుంది.

వాళ్ల ఇంట్లో అందరూ ఫుట్‌బాల్ వాళ్లేనా?

తాతల కబుర్లంటే ఇతని ఇంట్లో నిజంగానే తాత కబుర్లు. తల్లి తరఫు తాత హువాన్ కార్లోస్ కొరాజో అర్జెంటీనాలోని ఇండిపెండియెంటె క్లబ్బుకు ఆడాడు. తర్వాత ఉరుగ్వే జట్టుకు కోచ్ అయ్యాడు. 1962 ప్రపంచకప్‌కు జట్టును తీసుకెళ్లింది ఆయనే. నాన్న పాబ్లో ఫోర్లాన్ రైట్ బ్యాక్, అంటే కుడి వైపు డిఫెండర్. 1966, 1974 ప్రపంచకప్ జట్లలో ఉన్నాడు. పెన్యరోల్ క్లబ్బుతో 1966లో దక్షిణ అమెరికా క్లబ్ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు.

ఇంకో ముచ్చట ఉంది. దక్షిణ అమెరికా దేశాల మధ్య జరిగే కోపా అమెరికాను 1967లో ఉరుగ్వే గెలిచినప్పుడు కోచ్ కొరాజో, జట్టులో డిఫెండర్ పాబ్లో. మామా అల్లుళ్లు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో అన్నమాట. 2011లో డియెగో కూడా అదే కప్పు అందుకోవడంతో ఒకే ఇంట్లో మూడు తరాలకు కోపా దక్కింది.

చిన్నప్పుడు టెన్నిస్ ఆడేవాడట, నిజమేనా?

నిజమే, అదీ బాగా ఆడేవాడు. రెండిట్లో ఏది ఎంచుకోవాలో తేలని వయసులో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. 1991లో అతని అక్క అలెహాంద్రా కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. ఆమె స్నేహితుడు ఆ ప్రమాదంలోనే చనిపోయాడు. డియెగోకి అప్పుడు పన్నెండేళ్లు. అక్క వైద్యానికి డబ్బు కావాలి, పెద్ద ఆటగాణ్నయి ఆ ఖర్చు నేనే చూసుకుంటానన్న పట్టుదల అక్కడ మొదలైందని తర్వాత చాలాసార్లు చెప్పాడు. అలెహాంద్రా ఆ తర్వాత తన పేరుతోనే ఒక ఫౌండేషన్ పెట్టి రోడ్డు భద్రత మీద పనిచేసింది.

అర్జెంటీనాకు ఎందుకు వెళ్లాడు?

ఉరుగ్వేలో పెన్యరోల్, దనూబియో క్లబ్బుల యూత్ జట్ల మీదుగా వచ్చాడు. కుర్రాడిగా ఉన్నప్పుడే ఫ్రాన్స్‌లోని నాన్సీ క్లబ్బులో ట్రయల్‌కి వెళ్లాడు గానీ అది కుదరలేదు. చివరికి బ్యూనస్ ఎయిరెస్ పక్కనే ఉన్న అవెయనేదాలో ఇండిపెండియెంటెలో చేరాడు. ఒకప్పుడు తాత ఆడిన క్లబ్బే అది. 1998లో సీనియర్ జట్టులోకి వచ్చి, మూడేళ్లలో యూరప్ కళ్లలో పడ్డాడు.

మాంచెస్టర్ యునైటెడ్‌లో పెద్ద ఫ్లాప్ కదా?

అందరూ అడిగేది ఇదే. కాస్త ఓపిగ్గా వినండి.

2002 జనవరిలో అతను ఇంగ్లండ్ విమానం ఎక్కబోతున్నది అసలు మిడిల్స్‌బ్రో క్లబ్బు కోసం. ఆఖరి నిమిషంలో యునైటెడ్ మధ్యలోకి వచ్చి సుమారు 69 లక్షల పౌండ్లకు ఎగరేసుకుపోయింది. పీటల మీద పెళ్లికొడుకు మారిపోయినట్టు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, కొత్త దేశం, అక్కడ అప్పటికే వాన్ నిస్టెల్‌రూయ్, సోల్షేర్ లాంటి స్ట్రైకర్లు ఉన్నారు. జనవరి 29న బోల్టన్ మీద తొలి మ్యాచ్ ఆడాడు. అక్కడి నుంచి గోల్ రాలేదు. వారాలు పోయాయి, నెలలు పోయాయి. మధ్యలో ప్రపంచకప్ కూడా అయిపోయింది. సెప్టెంబర్ 18న ఇజ్రాయెల్ క్లబ్బు మక్కాబీ హైఫా మీద, మ్యాచ్ ఆఖర్లో, అదీ పెనాల్టీతో మొదటి గోల్ వచ్చింది. దాదాపు ఎనిమిది నెలలు! ఇంగ్లిష్ పత్రికలకు అంతకంటే ఏం కావాలి? అతని పేరు మీద జోకులు పుట్టాయి. అవి ఇప్పటికీ చావలేదు.

ఆ జోకులు చెప్పేవాళ్లు తర్వాత నాలుగు నెలల సంగతి చెప్పరు. అక్టోబర్‌లో ఆస్టన్ విల్లా మీద ఓడిపోయేలా ఉన్న మ్యాచ్‌ను అతను తలతో కొట్టిన గోల్ 1-1 చేసింది. నవంబర్‌లో సౌతాంప్టన్ మీద 2-1, గెలుపు గోల్ అతనిదే. డిసెంబర్ 1న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 2-1, రెండు గోల్సూ అతనివే. జనవరిలో చెల్సీ మీద 2-1, ఇంజురీ టైమ్‌లో గెలిపించింది అతనే. ఈ ఐదు గోల్స్ లేని స్కోర్లు వేసుకుని చూడండి. విల్లా దగ్గర 1, సౌతాంప్టన్ దగ్గర 2, లివర్‌పూల్ దగ్గర 3, చెల్సీ దగ్గర 2, మొత్తం 8 పాయింట్లు పోతాయి. ఆ సీజన్‌లో యునైటెడ్ 83 పాయింట్లతో లీగ్ గెలిచింది. రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్‌వి 78. తేడా ఐదే. లెక్క నాది, కావాలంటే మీరూ వేసుకోండి.

మొత్తం 98 మ్యాచ్‌ల్లో 17 గోల్స్. గొప్ప అంకె కాదు, ఒప్పుకుంటాను. కానీ అందులో చాలా మ్యాచ్‌లకు అతను బెంచీ మీంచి లేచి చివరి పావుగంటకు దిగినవాడు. యునైటెడ్ అభిమానులకు మాత్రం అతనంటే ఈనాటికీ ముద్దే. ఉరుగ్వే నుంచి వచ్చి లివర్‌పూల్ వాళ్లను ఏడిపించాడని ఇప్పటికీ స్టేడియంలో పాడుతుంటారు.

ఆన్‌ఫీల్డ్‌లో ఆ గోల్ గోల్‌కీపర్ తప్పు కదా?

మొదటిది అవును. డిఫెండర్ తలతో వెనక్కిచ్చిన బంతి లివర్‌పూల్ కీపర్ దూదెక్ చేతుల్లోంచి, కాళ్ల మధ్యలోంచి జారిపోయింది. వెనకాలే పరిగెత్తుతున్న ఫోర్లాన్ ఖాళీ గోల్‌లోకి తోశాడు. ఆ బంతి జారుతుందని ఎవరూ అనుకోరు, పదిమందిలో తొమ్మిదిమంది స్ట్రైకర్లు అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తుంటారు. ఇతను తిరగలేదు. మూడు నిమిషాలకే వచ్చిన రెండో గోల్ మాత్రం ఎవరి దయా కాదు.

చొక్కా లేకుండా ఆడాడంటారు, అదేంటి?

సౌతాంప్టన్ మ్యాచ్‌లోనే. గెలుపు గోల్ కొట్టిన ఆనందంలో జెర్సీ విప్పేశాడు. మళ్లీ వేసుకుందామంటే అది ఎక్కడో మెలిక పడి తల దూరడం లేదు. ఈలోగా రిఫరీ ఆట మొదలుపెట్టేశాడు. మన హీరో జెర్సీ చేత్తో పట్టుకుని, ఒట్టి ఒంటితో బంతి వెంట పరిగెత్తాడు, ఒకళ్లను అడ్డుకున్నాడు కూడా. ఆ వీడియో దొరికితే తప్పక చూడండి. ఎనిమిది నెలల టెన్షన్ వదిలిన మనిషి ఎలా ఉంటాడో తెలుస్తుంది.

ఫెర్గుసన్‌తో గొడవ ఎందుకు వచ్చింది?

బూట్ల దగ్గర. తడిగా ఉండే మైదానాల్లో జారకుండా అడుగున పొడవు స్టడ్స్ (మొలకల్లాంటివి) ఉన్న బూట్లు వేసుకోమని కోచ్ ఫెర్గుసన్ చెప్పాడు. ఫోర్లాన్‌కి అవి అలవాటు లేదు, చిన్న స్టడ్సే హాయి. సరేనని తలూపి, దిగేటప్పుడు పాత బూట్లే వేసుకున్నాడు. చెల్సీతో మ్యాచ్‌లో గోల్ ముందు జారాడు. అయిపోగానే బూట్లు మార్చేద్దామని డ్రెస్సింగ్ రూమ్‌కి పరిగెత్తితే ఫెర్గుసన్ దొరకబుచ్చుకుని ఆ బూట్లు విసిరికొట్టాడట. తర్వాత ఇంటర్వ్యూల్లో ఫోర్లానే నవ్వుతూ చెప్పిన కథ ఇది. 2004 ఆగస్టులో వేన్ రూనీ యునైటెడ్‌కు వచ్చాడు, ఇతను స్పెయిన్‌కు బయల్దేరాడు.

స్పెయిన్‌లో ఏం మారింది?

ఎండ మారింది, భాష మారింది. అన్నిటికంటే ముఖ్యంగా రోజూ ఆడే అవకాశం వచ్చింది. విలారియల్ యాభై వేల జనాభా ఉన్న చిన్న పట్నం. టైల్స్ ఫ్యాక్టరీలకు పేరున్న ప్రాంతం. అక్కడి పసుపు జెర్సీ జట్టుకు అర్జెంటీనా ఆటగాడు హువాన్ రోమాన్ రికెల్మే మెదడులాంటివాడు. రికెల్మే బంతి ఆపి ఒక్క క్షణం తలెత్తాడంటే ఫోర్లాన్ అప్పటికే డిఫెండర్ భుజం మీంచి పరుగు మొదలుపెట్టేవాడు. తొలి సీజన్ 2004-05లోనే లీగ్‌లో 25 గోల్స్ కొట్టాడు. బార్సిలోనా సొంత మైదానం క్యాంప్ నౌలో 3-3 డ్రాలో హ్యాట్రిక్ చేశాడు. జట్టు మూడో స్థానంలో నిలిచి యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌కి తొలిసారి వెళ్లింది. ఆ మరుసటి ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లి ఆర్సెనల్ చేతిలో ఓడింది. చివరి నిమిషాల్లో రికెల్మే కొట్టిన పెనాల్టీని ఆర్సెనల్ కీపర్ లేమాన్ ఆపేశాడు. విలారియల్ అభిమానులు ఇప్పటికీ కోలుకోని రాత్రి అది.

మాంచెస్టర్‌లో జోకు అయిన మనిషి ఏడాది తిరక్కుండా ఆర్సెనల్ హీరో థియరీ ఆన్రీతో సమానంగా గోల్డెన్ షూ పంచుకున్నాడు. ఇద్దరివీ 25 గోల్సే.

గోల్డెన్ షూ, గోల్డెన్ బూట్, గోల్డెన్ బాల్, పిచిచి: ఇవన్నీ ఒకటేనా?

కాదు, పత్రికల్లో కూడా తరచూ కలిపేస్తుంటారు. పిచిచి స్పెయిన్ లీగ్ టాప్ స్కోరర్‌కి. గోల్డెన్ షూ యూరప్ లీగులన్నిటినీ లీగ్ స్థాయి ప్రకారం పాయింట్లతో కొలిచి, అందులో మొదటివాడికి. గోల్డెన్ బూట్ ప్రపంచకప్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి. గోల్డెన్ బాల్ ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడికి, అది ఓట్లతో తేలుతుంది. ఫోర్లాన్‌కి పిచిచి రెండుసార్లు, గోల్డెన్ షూ రెండుసార్లు, గోల్డెన్ బాల్ ఒకసారి వచ్చాయి. గోల్డెన్ బూట్ రాలేదు, ఆ కథ కింద ఉంది.

అట్లెటికో మాడ్రిడ్‌లో ఎలా ఆడాడు?

2007లో ఫెర్నాండో టోరెస్ లివర్‌పూల్‌కి వెళ్లిపోయాడు. టోరెస్ అట్లెటికోకి సొంత బిడ్డ. ఆ ఖాళీలోకి వచ్చినవాడి పరిస్థితి ఊహించుకోండి. అర్జెంటీనా స్ట్రైకర్ సెర్హియో అగ్వేరోతో జత కుదిరాక మాత్రం ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. 2008-09లో లీగ్‌లో 32 గోల్స్. బార్సిలోనా అన్ని కప్పులూ ఊడ్చుకుపోయిన ఆ ఏడాది వాళ్ల స్ట్రైకర్ శామ్యూల్ ఎటో 30 దగ్గర ఆగిపోయాడు. రెండో పిచిచి, రెండో గోల్డెన్ షూ.

ఆ తర్వాతి సంగతి ఒకటి నాకు భలే ఇష్టం. 2009-10 నుంచి ఆరేళ్లు పిచిచిని మెస్సీ, రొనాల్డో ఇద్దరే పంచుకున్నారు. మూడోవాడి చెయ్యి పడలేదు. ఆ ఆరేళ్లకు ముందు గెలిచింది ఫోర్లాన్, తర్వాత గెలిచింది లూయిస్ సువారెజ్. ఇటో ఉరుగ్వే వాడు, అటో ఉరుగ్వే వాడు.

2010లో యూరప్ క్లబ్బుల రెండో పెద్ద పోటీ యూరోపా లీగ్ సెమీస్‌లో అట్లెటికోకి ఎదురుపడింది లివర్‌పూల్. సొంత మైదానంలో 1-0, గోల్ ఫోర్లాన్‌ది. ఆన్‌ఫీల్డ్‌లో అదనపు సమయంలో మళ్లీ ఫోర్లానే కొట్టాడు. 2-1తో ఓడి మొత్తం స్కోరు 2-2 అయినా, అవతలి మైదానంలో కొట్టిన గోల్ లెక్కతో అట్లెటికో ఫైనల్‌కి పోయింది. ఏడేళ్లు దాటాక అదే మైదానం, అదే మనిషి. మే 12న హాంబర్గ్‌లో ఫైనల్. ఫుల్‌హామ్ మీద 2-1. రెండు గోల్సూ ఇతనివే, గెలుపు గోల్ 116వ నిమిషంలో. నెల తిరిగేసరికి ప్రపంచకప్.

2010 ప్రపంచకప్‌లో అంత గొప్పగా ఏం చేశాడు?

ముందు ఒక సంగతి. అదేమీ అతనికి మొదటి ప్రపంచకప్ కాదు. 2002లో సెనెగల్‌తో మ్యాచ్‌లో ఉరుగ్వే 0-3తో వెనకబడి ఉండగా సగంలో దిగి, బంతిని ఛాతీతో ఆపి గాల్లోనే కొట్టాడు. చూడదగ్గ గోల్ అది. మ్యాచ్ 3-3 అయింది, ఉరుగ్వే ఇంటికి పోయింది. 2006కైతే అసలు అర్హతే రాలేదు, ఆస్ట్రేలియా చేతిలో పెనాల్టీల్లో పోయింది. 2010కి కూడా కోస్టారికాతో ప్లేఆఫ్ ఆడి చిట్టచివరి బెర్తు పట్టుకుని దక్షిణాఫ్రికా వెళ్లారు.

అక్కడ తొలి మ్యాచ్ ఫ్రాన్స్‌తో 0-0, నిద్రొచ్చే ఆట. ఆ తర్వాత కోచ్ ఆస్కార్ తబారెజ్ చిన్న మార్పు చేశాడు. సువారెజ్, కవానీ ముందుండగా ఫోర్లాన్‌ని ఓ అడుగు వెనక్కి దించి స్వేచ్ఛ ఇచ్చాడు. అంతే, జట్టంతా అతని చుట్టూ తిరగడం మొదలైంది. అగ్వేరో పక్కన గోల్స్ కొట్టే మనిషి ఇక్కడ బంతి పంచే మనిషి, కార్నర్లు కొట్టే మనిషి, అవసరమైతే వెనక్కొచ్చి బంతి లాక్కునే మనిషి అయ్యాడు. ముప్పై ఒకటో ఏట కొత్త పని నేర్చుకోవడం తేలికేం కాదు.

దక్షిణాఫ్రికా మీద 3-0, రెండు అతనివి. క్వార్టర్స్‌లో ఘనా మీద ఫ్రీ కిక్‌తో స్కోరు సమం చేశాడు. సెమీస్‌లో నెదర్లాండ్స్ మీద కెప్టెన్‌గా దిగి, దూరం నుంచి ఎడమ కాలితో కొట్టాడు. ఉరుగ్వే 3-2తో ఓడింది. మూడో స్థానం కోసం జర్మనీ మీద ఆడిన మ్యాచ్‌లో కొట్టిన గోల్ ఆ ప్రపంచకప్ ఉత్తమ గోల్‌గా అభిమానుల ఓటు పొందింది: పక్క నుంచి వచ్చిన క్రాస్‌ను గాల్లోనే, నేలకు తగిలి లేచేలా కొట్టాడు. ఆ మ్యాచ్ కూడా 3-2తోనే పోయింది. ఆఖరి క్షణంలో అతని ఫ్రీ కిక్ అడ్డకర్రకు తగిలి బయటికి పోయింది. రెండంగుళాలు కిందికి వచ్చుంటే అదనపు సమయం.

ఆ ప్రపంచకప్‌లో వాడిన జబులానీ బంతితో అతనొక్కడే ఎలా ఆడగలిగాడు?

ఆ బంతిని తిట్టనివాడు లేడు. గోల్‌కీపర్లయితే సూపర్ మార్కెట్‌లో దొరికే బంతిలా ఉందన్నారు. ముక్కలు తక్కువ, కుట్లు లేవు, వేడితో అతికించారు. అందుకని బలంగా, సుడి లేకుండా కొడితే గాల్లో ఎటు వంకర పోతుందో కొట్టినవాడికే తెలీదు. మిగతావాళ్ల ఫ్రీ కిక్కులు గ్యాలరీలోకి పోతుంటే ఇతనివి గోల్‌లోకి దిగాయి. ఆ బంతిని ముందే తెప్పించుకుని నెలల తరబడి సాధన చేశాడన్నది అప్పట్లో పత్రికల్లో బాగా తిరిగిన కథ.

ఘనా మీద గోల్ మళ్లీ చూస్తే ఆ సాధన సంగతి అర్థమవుతుంది. ఎడమ వైపు నుంచి ఫ్రీ కిక్, అందరూ క్రాస్ వస్తుందనుకున్నారు. కీపర్ కింగ్‌సన్ ఒకడుగు అటేశాడు. బంతి గాల్లో ఇటు తిరిగింది.

ఆ ఘనా మ్యాచ్‌లో ఉరుగ్వే మోసం చేసిందా?

ఇది ఫోర్లాన్ ప్రశ్న కాదు, సువారెజ్ ప్రశ్న. అయినా ప్రతివాళ్లూ అడుగుతారు. అదనపు సమయం ఆఖరి నిమిషం, గోల్‌లోకి పోతున్న బంతిని సువారెజ్ చేత్తో ఆపాడు. రెడ్ కార్డ్, పెనాల్టీ. అసమోవా జ్యాన్ కొట్టిన పెనాల్టీ అడ్డకర్రకు తగిలింది. తర్వాత షూటౌట్‌లో ఉరుగ్వే 4-2తో గెలిచింది. నియమం ప్రకారం శిక్ష పడింది, కాబట్టి దొంగతనం అనలేం. ఆఫ్రికా నుంచి తొలి సెమీఫైనలిస్టు కావలసిన జట్టు అలా ఆగిపోవడం చూసి బాధపడనివాళ్లూ ఉండరు. నేను ఆ రాత్రి ఘనా వైపే ఉన్నాను. షూటౌట్‌లో ఉరుగ్వే తరఫున మొదట వచ్చి కొట్టింది ఫోర్లానే.

అయిదు గోల్స్ కొట్టినా గోల్డెన్ బూట్ ఎందుకు రాలేదు?

ఎందుకంటే అయిదేసి కొట్టినవాళ్లు నలుగురున్నారు: ముల్లర్, వియా, స్నైడర్, ఫోర్లాన్. సమానమైతే అసిస్టులు (ఇంకొకరి గోల్‌కి దారితీసిన పాసులు) చూస్తారు, జర్మనీ కుర్రాడు ముల్లర్‌వి మూడు. బూట్ అతనికి పోయింది. గోల్డెన్ బాల్ ఓట్లలో మాత్రం ఫోర్లాన్‌కి 23.4 శాతం, స్నైడర్‌కి 21.8 శాతం. నాలుగో స్థానంలో వచ్చిన జట్టు ఆటగాడికి ఆ బహుమతి రావడం అరుదు. విమర్శించినవాళ్లూ ఉన్నారు, కప్పు గెలిచిన స్పెయిన్ వాళ్లకు ఇవ్వాల్సిందన్నారు. స్పెయిన్‌లో అటువంటివాళ్లు నలుగురైదుగురున్నారు, ఓట్లు చీలాయి. ఉరుగ్వేలో ఎవర్ని తీసేస్తే జట్టు కూలిపోతుందో మాత్రం అందరికీ తెలుసు.

కుడి కాలా, ఎడమ కాలా?

రెండూ. అతని గోల్స్ వరసగా చూస్తుంటే ఏది అసలు కాలో పోల్చుకోలేం. డిఫెండర్లకు అతనితో వచ్చిన తంటా అదే. మామూలుగా స్ట్రైకర్‌ని బలహీనమైన కాలి వైపుకు తోస్తారు, ఇతన్ని ఎటు తోసినా కొడతాడు. అది పుట్టుకతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి రెండు కాళ్లతోనూ గంటల కొద్దీ కొట్టించిన ఫలితం అది.

2011 కోపా అమెరికాలో టోర్నీ అంతా గోల్ లేదట కదా?

ఫైనల్ దాకా లేదు. మళ్లీ అవే గుసగుసలు, పని అయిపోయిందని. జూలై 24న బ్యూనస్ ఎయిరెస్‌లో పరాగ్వేతో ఫైనల్. సువారెజ్ ఒకటి, ఫోర్లాన్ రెండు, 3-0. ఉరుగ్వేకి 15వ కోపా. ఆ రెండు గోల్స్‌తో దేశం తరఫున అతని గోల్స్ లెక్క 31కి చేరి, 1930 నాటి హీరో హెక్టర్ స్కరోనే రికార్డును సమం చేసింది. అక్టోబర్‌లో పరాగ్వే మీదే ఇంకోటి కొట్టి దాటేశాడు. దాదాపు 80 ఏళ్లు నిలిచిన రికార్డు అది.

ఇంటర్ మిలాన్‌లో ఏమైంది?

తప్పు జట్టు, తప్పు సమయం. శామ్యూల్ ఎటో వదిలి వెళ్లిన చోట ఈ ఇటలీ క్లబ్బు వాళ్లు ఇతన్ని తీసుకున్నారు. తీరా చూస్తే ఆ వేసవిలోనే అట్లెటికో తరఫున యూరోపా క్వాలిఫయర్‌లో ఆడి ఉండటంతో ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు పనికిరాడు. లీగ్‌లో రెండే గోల్స్. ఏడాదికే బయటికొచ్చాడు. చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

ఆ తర్వాత ఎక్కడెక్కడ ఆడాడు?

బ్రెజిల్‌లో ఇంటర్నాసియోనాల్ క్లబ్బు. అక్కడ ఉండగానే 2013 కాన్ఫెడరేషన్స్ కప్‌లో నైజీరియా మీద దేశం తరఫున వందో మ్యాచ్ ఆడాడు. ఉరుగ్వే వాళ్లలో ఆ మైలురాయి చేరిన మొదటివాడు, ఆ మ్యాచ్‌లో గెలుపు గోల్ కూడా అతనిదే. తర్వాత జపాన్‌లో సెరెజో ఒసాకా. పరిచయ సభలో జపనీస్‌లో ప్రసంగం నేర్చుకుని మరీ చెప్పాడు, జనం ఫిదా. ఆట మాత్రం అనుకున్నట్టు సాగలేదు, జట్టు ఆ ఏడాదే కింది డివిజన్‌కి పడిపోయింది. 2015లో నాన్న ఆడిన పెన్యరోల్‌కి వచ్చాడు. 2016 మార్చిలో ఆ క్లబ్బు కొత్త స్టేడియం ప్రారంభ మ్యాచ్‌లో తొలి గోల్ అతనిదే. ఆ సీజన్ లీగ్ కూడా గెలిచారు.

ఇండియాలో ఆడాడా?

ఆడాడు. 2016 ఇండియన్ సూపర్ లీగ్‌లో ముంబయి సిటీ జట్టుకు మార్కీ ఆటగాడు, అంటే జట్టు ముఖంగా తెచ్చుకున్న పెద్ద పేరు. అప్పటికి 37 ఏళ్లు. లెక్క చూస్తే ఐదు గోల్స్. నవంబర్ 19న అంధేరీ మైదానంలో కేరళ బ్లాస్టర్స్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, ముంబయి 5-0.

మనవాళ్లకు దీంట్లో ఒక చిన్న పులుపు ఉంది. ఆ ఏడాదే కేరళ బ్లాస్టర్స్‌లో సచిన్‌తో పాటు చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ వాటాదారులయ్యారు. అంటే ఫోర్లాన్ ఇండియాలో కొట్టిన ఒకే ఒక్క హ్యాట్రిక్ మన మెగాస్టార్, కింగ్‌ల జట్టు మీదే! కేరళ వాళ్లు తేరుకుని ఫైనల్ దాకా వెళ్లారు. లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన ముంబయి మాత్రం సెమీస్‌లో కోల్‌కతా చేతిలో ఆగిపోయింది. రెండు మ్యాచ్‌ల ఆ సెమీస్‌లో తొలిదాంట్లో ఫోర్లాన్‌కి రెడ్ కార్డ్ పడింది, రెండో మ్యాచ్‌కి దూరమయ్యాడు. ఇండియాలో అతని ఆట అలా ముగిసింది.

సువారెజ్, కవానీ ఇద్దరూ దాటేశారు కదా, ఇంక గొప్పేంటి?

గోల్స్ లెక్కలో దాటారు. సువారెజ్ 2013లోనే ముందుకు పోయి చివరికి 69 దగ్గర ఆగాడు. కవానీవి 58. స్ట్రైకర్‌గా సువారెజ్ అతనికంటే గొప్పవాడనే నేనూ అంటాను. కానీ వాళ్లిద్దరూ జట్టులోకి వచ్చేసరికి ఉరుగ్వే అంటే పాత ఫొటోల దేశం. మళ్లీ సెమీఫైనల్ ఆడగలమన్న సంగతి వాళ్లకు దగ్గరుండి చూపించింది ఈయనే.

రిటైరయ్యాక ఏం చేస్తున్నాడు?

2018లో హాంకాంగ్ క్లబ్బు కిచీకి కొన్ని నెలలు ఆడి లీగ్ గెలిచాడు, అదే చివరి క్లబ్బు. 2019 డిసెంబర్‌లో పెన్యరోల్ కోచ్‌గా చేరాడు. మధ్యలో కోవిడ్ వచ్చి ఆటలు ఆగాయి, మళ్లీ మొదలయ్యాక ఫలితాలు రాలేదు, 2020 ఆగస్టు ఆఖరుకల్లా తీసేశారు. 2021లో రెండో డివిజన్ క్లబ్బు అతెనాస్‌కి పనిచేశాడు, అదీ కొన్ని నెలలే. కోచ్‌గా ఇప్పటికైతే మార్కులు వేయడానికేం లేదు.

మరి ఆ టెన్నిస్ సంగతి?

పన్నెండేళ్లప్పుడు పక్కన పెట్టిన రాకెట్ మళ్లీ పట్టాడు. ముందు మాస్టర్స్ టోర్నీల్లో తన వయసువాళ్లతో ఆడాడు. 2024 నవంబర్‌లో మాంటెవీడియోలో జరిగిన ఏటీపీ ఛాలెంజర్ టోర్నీ డబుల్స్‌కి వైల్డ్ కార్డ్ (నిర్వాహకులు నేరుగా ఇచ్చే ప్రవేశం) ఇచ్చారు. అది సెలబ్రిటీల సరదా ఆట కాదు, అసలు ప్రొఫెషనల్ సర్క్యూట్. అర్జెంటీనా ఆటగాడు ఫెదెరికో కోరియా జోడీ. అవతల బొలీవియా జంట అరియాస్, సెబాయోస్. స్టాండ్స్ నిండిపోయాయి. 45 ఏళ్ల మనిషి వాళ్ల సర్వీసులకు ఒక్కోసారి రాకెట్ కూడా తగిలించలేకపోయాడు. 6-1, 6-2తో ఓడిపోయారు. గోల్ రాని ఎనిమిది నెలలు భరించినవాడికి ఆ స్కోరు ఒక లెక్కా!